లేఅవుట్‌లో పెద్ద మోడల్ కదలడం లేదా? కొత్త కంప్యూటర్ కొనే ముందు చెట్లనూ పెంకులనూ చూడండి

మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ఇది. కోనసీమలో రెండెకరాల కొబ్బరి తోటలో మండువా లోగిలి పద్ధతిలో అతిథి గృహం కడుతున్నారు. త్రీడీ మోడల్ గీసే స్కెచ్‌అప్ ప్రోగ్రాములో చేసిన మోడల్ 310 ఎంబీ ఉంది. దాన్ని, మోడల్ నుంచి డ్రాయింగు షీట్లు తయారు చేసే తోటి ప్రోగ్రాము లేఅవుట్‌లోకి తెచ్చి 18 ఏ1 షీట్లు తయారు చేస్తున్నారు. పేజీ మార్చినా, వ్యూపోర్ట్‌ను (షీటు మీద మోడల్ కనబడే గడి) కొంచెం జరిపినా ఐదేసి నిమిషాలు తెర నిలిచిపోతోంది. మీది 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్. రెండు లక్షలు పెట్టి కొత్తది కొంటే ఈ బాధ తీరుతుందా అని మీ ప్రశ్న.

తీరదు. ఇప్పుడు కొనవద్దు. ఇదే ఫైలును రెండు లక్షల యంత్రం మీద తెరిస్తే ఐదు నిమిషాలు మూడు కావచ్చు, పని మాత్రం అప్పుడూ సాగదు. మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే, కాగితం మీద ఎవరికీ కనబడని లక్షల గీతలను ప్రతి షీటులోనూ ఆ యంత్రం చేత గీయిస్తున్నారు. వాటిని తీసేస్తే మీ దగ్గరున్న ల్యాప్‌టాప్ సరిపోతుంది.

ఈ రోజే ఊపిరి తీసుకోవడానికి ఒక పని చేయండి. అన్ని వ్యూపోర్ట్‌లనూ రాస్టర్‌లోకి (ఇదేమిటో కింద చెబుతాను) మార్చండి, ఆటో రెండర్ (మార్పు జరిగిన ప్రతిసారీ బొమ్మను తనంతట తానే మళ్లీ గీయడం) తీసేయండి, డాక్యుమెంట్ సెటప్‌లోని పేపర్ విభాగంలో తెర నాణ్యతను తక్కువకు పెట్టండి. పావుగంట పని. ఆటో తీసేశాక మార్పు జరిగిన వ్యూపోర్ట్ మూలన పసుపు రంగు హెచ్చరిక గుర్తు కనబడుతుంది. అది తప్పు కాదు, ఆ బొమ్మ ఇంకా పాతదేనని చెబుతోంది. కొలతలు, అక్షరాలు, టైటిల్ బ్లాకు పని అంతా ముగించి, మీకు అవసరమైనప్పుడు మీరే రెండర్ నొక్కండి.

ఇది తాత్కాలిక ఉపశమనం మాత్రమే. అసలు చికిత్స మోడల్‌లో ఉంది. దాని గురించే వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఈ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి, చివరి రోజు ముద్రణ సమయంలో మళ్లీ అదే గోతిలో పడుతున్నారు.

ముందు లేఅవుట్ లోపల ఏం జరుగుతోందో తెలియాలి. రాస్టర్ అంటే గ్రాఫిక్స్ కార్డు మోడల్‌ను ఒక ఫొటోలా తీసి పేజీ మీద అతికించడం. వెక్టర్ అంటే ప్రతి ఎడ్జ్‌నూ (అంచు గీత) తీసుకుని, దాని ముందు ఏ ఫేస్ (గీతల మధ్య పలక) అడ్డుగా ఉంది, ఎంత భాగం కనబడుతుంది, ఎక్కడ తెగుతుంది అని లెక్క కట్టి, మిగిలిన ముక్కను గీతగా గీయడం. ఈ లెక్క ప్రాసెసర్ మీద పడుతుంది. గీతలు రెట్టింపైతే అడ్డుపడే ఫేస్‌లు కూడా రెట్టింపవుతాయి కనుక సమయం రెట్టింపుతో ఆగదు. హైబ్రిడ్ ఈ రెండు పనులనూ చేస్తుంది. రంగులు, నీడలు రాస్టర్‌లో వేసి, పైన వెక్టర్ గీతలు పరుస్తుంది. చూడటానికి అందంగా ఉంటుందని చాలామంది అన్ని షీట్లకూ అదే పెడతారు. బరువైన మోడల్‌కు అంతకంటే ఖరీదైన ఎంపిక లేదు.

రాస్టర్‌కూ ఖర్చు ఉంటుంది, అది చుక్కల లెక్క. ఏ1 కాగితం 841 మిల్లీమీటర్ల పొడవు, 594 మిల్లీమీటర్ల వెడల్పు. అంగుళానికి 300 చుక్కల చొప్పున దాన్ని నింపాలంటే దాదాపు 7 కోట్ల చుక్కలు కావాలి. 72 చొప్పున అయితే 40 లక్షలు చాలు. పని చేసుకునేటప్పుడు తెర మీద 7 కోట్ల చుక్కలు ఎవరికీ అవసరం లేదు. తెరకు ఒక నాణ్యత, ముద్రణకు ఒక నాణ్యత అని లేఅవుట్ విడిగా ఇచ్చింది ఇందుకే.

ఇప్పుడు మీ మోడల్ సంగతికి వస్తాను.

స్కెచ్‌అప్‌లో మోడల్ ఇన్ఫో తెరిచి స్టాటిస్టిక్స్‌కు వెళ్లండి. కాంపొనెంట్ల (ఒకసారి చేసి పలుచోట్ల వాడే వస్తువులు) లోపలివి కూడా లెక్కించే గడికి టిక్ పెట్టండి. ఎడ్జ్‌లు ఎన్ని, ఫేస్‌లు ఎన్ని అని అంకెలు వస్తాయి. మీ ప్రశ్నలో ఎంబీలు చెప్పారు, ఈ అంకెలు చెప్పలేదు. వేగాన్ని నిర్ణయించేవి ఇవే. 310 ఎంబీలో సగం ఫొటోలే అయి ఉండవచ్చు. అలాగే 40 ఎంబీ ఫైలు కూడా లేఅవుట్‌ను మోకరిల్లేలా చేయగలదు. నేను రాజమహేంద్రవరంలో ఉండి పని చేస్తాను, ఈ రెండు రకాలూ నా బల్ల మీదకు వచ్చాయి.

40 ఎంబీ ఫైలు అలా ఎలా చేస్తుందని మీకు అనుమానం రావచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. "అన్నీ కాంపొనెంట్లు చేశాను కదా, ఇంకా ఎందుకు నెమ్మది?" అని అడుగుతారు. కాంపొనెంట్ చేయడం మంచిదే. వంద కిటికీలు ఉన్నా కిటికీ వివరం ఫైలులో ఒక్కసారే నిల్వ ఉంటుంది, ఫైలు చిన్నదవుతుంది, ఒకటి మారిస్తే అన్నీ మారతాయి. కానీ గీయాల్సి వచ్చినప్పుడు వంద కిటికీలనూ వందసార్లూ గీయాల్సిందే. నిల్వలో ఆదా అయినది గీతలో ఆదా కాదు.

మీ తోటలో చెట్లు ఎన్ని పెట్టారో రాయలేదు. మన కొబ్బరి తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య ఇంచుమించు ఏడున్నర మీటర్ల దూరం పాటిస్తారు, అంటే ఎకరానికి సుమారు 70 చెట్లు. రెండెకరాలకు 140. స్థలంలో ఉన్నది ఉన్నట్టు చూపించాలన్న శ్రద్ధతో మీరు 140 చెట్లూ పెట్టి ఉంటారని నా ఊహ. ఆన్‌లైన్‌లో దొరికే కొబ్బరి చెట్టు మోడల్‌లో ప్రతి మట్టకూ ప్రతి ఆకూ విడివిడిగా ఉంటుంది. ఒక చెట్టుకు 20,000 ఫేస్‌లు అనుకున్నా తోట మొత్తానికి 28 లక్షలు. మీ ఇల్లు మొత్తం కలిపినా అందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. మీరు గీయిస్తున్నది ఇల్లు కాదు, తోట.

చెట్లకు నేను పాటించే పద్ధతి చెబుతాను. ఎలివేషన్లకు, పర్‌స్పెక్టివ్‌లకు కెమెరా వైపే తిరిగి ఉండే పలుచటి టూడీ చెట్టు చాలు. స్కెచ్‌అప్‌లో దాన్ని ఫేస్ మీ కాంపొనెంట్ అంటారు. చెట్టు ఆకారాన్ని ఒకే ఫేస్‌గా గీసుకోండి, అంచున ముప్పై నలభై గీతలు మించనివ్వకండి. మట్టలు వాలిన తీరు సరిగా పడితే చాలు, కొబ్బరి చెట్టును ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. సైట్ ప్లాన్‌లో అసలు త్రీడీ చెట్టే వద్దు. లేఅవుట్‌లోనే ఒక వృత్తం, మధ్యలో మొదలు గుర్తు వేసి స్క్రాప్‌బుక్‌లో (మళ్లీ మళ్లీ వాడే బొమ్మలు దాచే చోటు) దాచుకోండి. దాన్ని కావలసిన చోటల్లా వాడండి. నిజమైన ఆకులతో ఉన్న చెట్లు ఒకటో రెండో ముఖచిత్రం కోసం ఉంచుకోవచ్చు, అవి విడి ట్యాగ్‌లో (వస్తువులను గుంపుగా చూపడానికి, దాచడానికి ఇచ్చే పేరు), ఆ ఒక్క సీన్‌లో (మోడల్‌లో దాచుకున్న చూపు) మాత్రమే వెలగాలి.

తర్వాత పెంకులు. మండువా ఇంటికి పెంకుల కప్పే ప్రాణం కనుక మీరు దాని మీద చాలా సమయం పెట్టి ఉంటారు, ఆ ఇష్టం నాకూ ఉంది. మనం బెంగళూరు పెంకులనే మంగళూరు రకం పెంకులు చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. మీ కప్పు 450 చదరపు మీటర్లు అనుకుంటే 6,750 పెంకులు. పెంకు పైన గాడులు, కింద రీపరుకు (పెంకు ఆనే సన్న చెక్క) తగులుకునే కొక్కెం, పక్కన ఒకదానిలో ఒకటి కూర్చునే అంచు అన్నీ గీస్తే ఒక పెంకుకు 300 ఫేస్‌లు సులభంగా అవుతాయి. మొత్తం 20 లక్షలు దాటింది.

ఇప్పుడు స్కేలు పట్టుకుని ఆలోచించండి. 1:100 ఎలివేషన్‌లో 235 మిల్లీమీటర్ల పెంకు కాగితం మీద 2.35 మిల్లీమీటర్లు. దాని మీది సెంటీమీటరు గాడి 0.1 మిల్లీమీటరు. మీరు గీసే సన్నని పెన్ను గీత 0.18 ఉంటుంది. అంటే గాడి కంటే గీతే లావు. ఆ గాడులన్నీ ఒకదాని మీద ఒకటి పడి కప్పు నల్లటి మడుగులా కనబడుతుంది. ఇంత ఆలస్యం భరించి మీరు తెచ్చుకుంటున్నది ఆ నలుపు. ముద్రించే స్కేలులో పెన్ను గీత కంటే సన్నగా వచ్చే ఏ వివరాన్నీ ఆ షీటుకు పంపకండి. ఈ ఒక్క కొలబద్ద పట్టుకుంటే ఏది ఉంచాలో, ఏది తీయాలో ఎవరినీ అడగనక్కర లేదు.

నేను కప్పును మూడు రకాలుగా చేసి మూడు ట్యాగ్‌లలో పెడతాను. ఒకటి, వాలుకు ఒక్కో ఫేస్ చొప్పున నున్నటి పలక, దాని మీద పెంకుల చిత్రం. ఇది రంగుల దృశ్యాలకు. రెండు, అదే పలక మీద పెంకు వరుసల గీతలు మాత్రమే, చూరు దగ్గర ఒక వరుస నిజమైన పెంకులు. ఇది 1:100, 1:50 షీట్లకు. చూరు అంచున ఆ పళ్ల వరుస కనబడితే చాలు, మిగతా కప్పంతా పెంకులదేనని కన్ను నమ్ముతుంది. మూడు, పూర్తి వివరంతో ఒక మీటరు వెడల్పు ముక్క: వాసం, రీపరు, పెంకు, కొప్పు దగ్గర సున్నం, మండువా వైపు నీరు జారే తూము. దీన్ని వేరే స్కెచ్‌అప్ ఫైలుగా పెట్టుకుని 1:10 వివరాల షీటుకు నేరుగా తెచ్చుకుంటాను. వడ్రంగికి, పెంకు నేసే మేస్త్రీకి కావలసింది ఈ మూడోది. ఆరు వేల పెంకుల ఎలివేషన్ వాళ్లకు దేనికీ పనికిరాదు.

స్తంభాలు కూడా చూడండి. మండువా చుట్టూ ఉండే చెక్క స్తంభాల నగిషీని వృత్తం చుట్టూ తిప్పి చేస్తారు. స్కెచ్‌అప్‌లో వృత్తం అంటే 24 పలకల ఆకారం. నగిషీలో 60 మలుపులు ఉంటే ఒక స్తంభానికి 1,440 ఫేస్‌లు. 12 పలకలకు తగ్గిస్తే సగం అవుతుంది, 1:50లో తేడా తెలియదు. గీసిన తర్వాత తగ్గించడం కష్టం కనుక, తిప్పడానికి ముందే వృత్తం పలకలు తగ్గించుకోండి.

భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ షెడ్డు పని చేసినప్పుడు ఇలాంటిదే బోల్టుల రూపంలో వచ్చింది. స్టీలు పని చేసేవాళ్లు పంపిన ట్రస్సులో ప్రతి బోల్టుకూ మరచుట్లు సహా ఉన్నాయి. పన్నెండు ట్రస్సులు, వెయ్యికి పైగా బోల్టులు. బోల్టుల ట్యాగ్ ఆపేసిన క్షణం నుంచి ఆ ఫైలు ప్రాణం పోసుకున్నట్టు కదిలింది. బయటివాళ్లు పంపిన మోడల్‌ను నేరుగా నా ఫైలులోకి అప్పటి నుంచి తీసుకోవడం లేదు. ఖాళీ ఫైలులో తెరిచి, అంకెలు చూసి, శుభ్రం చేసి, ఆ తర్వాతే తెచ్చుకుంటాను.

సర్వే డ్రాయింగు గురించి మీరు అడగలేదు, అయినా రాయాలి. ఈ ప్రాంతపు ఫైళ్లలో ఇది పదే పదే చూస్తున్నాను. సర్వేయరు ఇచ్చే ఫైలు యూటీఎం నిరూపకాల్లో (భూమి మీద స్థానాన్ని మీటర్లలో చెప్పే పటాల పద్ధతి) ఉంటుంది. మన డెల్టాలో తూర్పు విలువ 5, 6 లక్షల మీటర్లు, ఉత్తరం విలువ 18 లక్షల మీటర్లు దాటి ఉంటుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు దింపితే మీ ఇల్లు మూల బిందువుకు 1,800 కిలోమీటర్లకు పైగా దూరంలో కూర్చుంటుంది. అంత దూరంలో స్కెచ్‌అప్ లెక్కల కచ్చితత్వం చెదిరి, ఫేస్‌లు మినుకుమంటాయి, దగ్గరకు వెళితే మోడల్ సగం తెగి కనబడుతుంది, గీతలు కలవవు. సర్వేలోని ఒక రాయిని మూల బిందువుకు జరిపి, అసలు విలువను కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంకొకటి, ఆ సర్వే నుంచి నేలకు త్రికోణాల వల అల్లవద్దు. మనది కొండ నేల కాదు. రెండెకరాల్లో ఎత్తు తేడా మహా అయితే మీటరు, అదీ మెరక చేశాక పోతుంది. మెరక పోసిన మట్టానికి ఒక పలక, చేను మట్టానికి ఒక పలక, మధ్యలో కాలువ గట్టు వాలు. నేల అంతే.

ఇక సీన్లు. ప్రతి షీటుకూ దాని సీన్ దానికి ఉండాలి, ఆ సీన్‌లో ఆ షీటుకు కావలసిన ట్యాగ్‌లు మాత్రమే వెలగాలి. ప్లాన్ సీన్‌లో కప్పు, చెట్లు, మంచాలు, కుర్చీలు ఆగిపోవాలి. సెక్షన్ సీన్‌లో కోత గీతకు వెనుక చాలా దూరంలో ఉన్న కాటేజీలు ఆగిపోవాలి. కోత గీత ముందు భాగాన్నే దాస్తుంది, వెనుక ఉన్నదంతా గీయక తప్పదు. ట్యాగ్‌లను గ్రూపులకు, కాంపొనెంట్లకు మాత్రమే ఇవ్వండి. విడి గీతలను ట్యాగ్ లేకుండానే వదిలేయండి, లేకపోతే గీత ఒకచోట, ఫేస్ ఒకచోట ఆగి గందరగోళమవుతుంది. లేఅవుట్‌లో వ్యూపోర్ట్ మీద రెండుసార్లు నొక్కి లోపలికి వెళ్లి కెమెరా తిప్పే అలవాటు ఉంటే మానేయండి. తిప్పిన క్షణం ఆ వ్యూపోర్ట్ సీన్ కెమెరాతో ఉన్న లంకెను వదులుకుంటుంది, తర్వాత సీన్‌లో కెమెరాకు చేసిన దిద్దుబాటు అక్కడికి చేరదు.

స్టైల్ కూడా తేలికగా ఉండాలి. నీడలు, పొగమంచు, చేతితో గీసినట్టుండే గీతలు, 2024లో వచ్చిన యాంబియంట్ అక్లూజన్ (మూలల్లో మెత్తటి నీడ పట్టించడం) వంటివన్నీ ఒక్క ముఖచిత్రానికే. పని షీట్లకు సాదా గీతల స్టైల్ చాలు. స్టైల్ బొమ్మ మీద ఆకుపచ్చ గడియారం గుర్తు ఉంటే అది వేగంగా గీయగల స్టైల్ అని అర్థం.

ఫొటోల విషయం క్లుప్తంగా. ఫోనుతో తీసిన 4000 × 3000 చుక్కల ఫొటో డిస్కు మీద 3 ఎంబీ ఉండవచ్చు, విప్పితే 48 ఎంబీ. పెంకు, ఎర్రమట్టి గచ్చు, టేకు చెక్క వంటి వాటికి 1000 చుక్కల వెడల్పు సరిపోతుంది. వాడనివన్నీ పర్జ్ చేయండి, అంటే ఫైలులోంచి తుడిచేయండి. పర్జ్ వల్ల బొమ్మ గీసే వేగం పెరగదు, ఫైలు తగ్గుతుంది. లేఅవుట్ ఫైలు తన లోపల మీ మోడల్ నకలును మోస్తుంది కనుక సేవ్ చేయడం, రిఫరెన్స్ అప్‌డేట్ చేయడం రెండూ తేలికవుతాయి.

ఒక్కటి మాత్రం చేయవద్దు: వేగం కోసం వ్యూపోర్ట్‌లను ఎక్స్‌ప్లోడ్ చేయకండి. అలా చేస్తే అది ఉత్త గీతలుగా మారి వేగంగానే కదులుతుంది, ఆ సలహా మీకు చాలాచోట్ల దొరుకుతుంది. రావులపాలెం దగ్గర ఒక పాత ఇంటి మరమ్మతుకు నేను ఆ పని చేశాను. ప్లాన్ షీటును ఎక్స్‌ప్లోడ్ చేసిన వారానికి ఇంటివాళ్లు వంటగది తలుపును పక్క గోడకు మార్చమన్నారు. మోడల్‌లో మార్చాను. సెక్షన్లు, ఎలివేషన్లు మారాయి. ఎక్స్‌ప్లోడ్ చేసిన ప్లాన్ మాత్రం పాతదిగానే ఉండిపోయింది. మేస్త్రీ చేతిలో ఉండేది ప్లానే కదా. తొమ్మిదంగుళాల గోడ లింటెల్ మట్టం దాకా లేచాక నేను సైటుకు వెళ్లి చూశాను. విప్పించి మళ్లీ కట్టించాం, ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ పెద్దాయన ఒక్క మాట అనలేదు, అది నాకు ఇంకా బాధగా ఉంది. ఎప్పటికీ మారని పాత సర్వే గీతలకు తప్ప ఆ మీట జోలికి వెళ్లకండి.

యంత్రం సంగతి చివరన పెట్టాను, దాని పాత్ర అంతే కనుక. మీ ల్యాప్‌టాప్‌లో విడి గ్రాఫిక్స్ కార్డు ఉంది, లేఅవుట్ దాన్ని వాడుతోందో లేదో చూశారా? స్కెచ్‌అప్, లేఅవుట్ రెండూ వేర్వేరు ప్రోగ్రాములు. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో స్కెచ్‌అప్‌ను విడి కార్డుకు కేటాయించినా, లేఅవుట్‌ను మళ్లీ విడిగా కేటాయించాలి. కరెంటు పోయి బ్యాటరీ మీదకు వెళ్లినప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మే నెల ఉక్కపోతలో కూడా అంతే, లోపల వేడెక్కితే ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. ఫ్యాను రంధ్రాల్లో దుమ్ము తీయించండి, కింద గాలి ఆడేలా ఎత్తు పెట్టండి. ఫైళ్లను పెన్‌డ్రైవులో ఉంచి పని చేయవద్దు, లోపలి ఎస్‌ఎస్‌డీలోనే ఉంచండి. ఆటోసేవ్ ప్రతిసారీ పెద్ద ఫైలు ఆగిపోతుంటే వ్యవధి పెంచండి. దాన్ని పూర్తిగా ఆపకండి, మన దగ్గర గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. రేపెప్పుడైనా కొత్తది కొంటే కోర్‌ల సంఖ్య కంటే ఒక్కో కోర్ వేగం చూడండి, మోడలింగ్ పని ఎక్కువగా ఒకే కోర్ మీద నడుస్తుంది.

ముద్రణకు వెళ్లే రోజు కోసం: ప్లాన్లు, సెక్షన్లు, వివరాలు వెక్టర్‌లోకి మార్చండి, మోడల్ తేలికైంది కనుక ఇప్పుడు అది భయపెట్టదు. వెక్టర్‌లో రంగుల చిత్రాలు, నీడలు రావు కనుక రంగు కావలసిన ఎలివేషన్ ఒకటి రెండింటికి హైబ్రిడ్ పెట్టండి. తోట దృశ్యాలు రాస్టర్‌లోనే ఉండనివ్వండి, గోడకు అంటించి నాలుగడుగుల దూరం నుంచి చూసే ఏ1కు అంగుళానికి 150 చుక్కలు చాలు. 18 షీట్లనూ ఒకేసారి ఎగుమతి చేయకుండా ఐదారు చొప్పున పీడీఎఫ్ చేయండి. ప్లాన్లు, వివరాలు రెండు వేర్వేరు లేఅవుట్ ఫైళ్లుగా విడగొడితే ఇంకా మేలు.

ఇన్ని చదివి ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, ఫైలుకు నకలు తీసి చెట్ల ట్యాగ్ ఆపి ఒక ప్లాన్ షీటును రెండర్ చేయండి, గడియారం చూసుకోండి. తర్వాత కప్పు కూడా ఆపి మళ్లీ చేయండి. రెండు సమయాలనూ, స్టాటిస్టిక్స్‌లోని ఎడ్జ్‌లు, ఫేస్‌ల అంకెలనూ నాకు రాయండి. అప్పటికీ నిమిషం దాటుతుంటే మీ సర్వే ఫైలు ఎక్కడ కూర్చుని ఉందో చూద్దాం.